తుపాకుల ముందు పెళ్లి దరువు

1949 ఆగస్టు, సూర్యాపేట. నిజాం పాలన పోయాక మా దిక్కు మొదటి జెండా పండుగ. ఊరి బయట దిగిన మిలిటరీ వాళ్లు మైదానంలో పరేడ్ రిహార్సల్ పెట్టుకున్నారు. నాది డప్పు కొట్టి చాటింపు వేసే పని. యాభై దాటాక రాత్రి బడిలో అక్షరాలు నేర్చాను కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

చాటింపు అంటే నోరొక్కటే కాదు. ప్రతి దరువుకూ అర్థం ఉంటుంది. చావు దరువు వింటే ఎవరు పోయారని అడుగుతారు. పెళ్లి దరువు వింటే వాకిట్లోకొస్తారు. రజాకార్ల కాలంలో ఇంకొకటి పుట్టింది, ఉరుకు దరువు. అది వింటే వెనక్కి చూడకుండా పారిపోవడమే.

రిహార్సల్‌లో వాలీ ఉందన్నారు. అంటే సిపాయిలందరూ ఒక్కసారే ఆకాశంలోకి పేల్చడం. అందుకు వాడేది బ్లాంక్, చప్పుడే తప్ప గుండు ఉండదు. చుట్టూ కాపలా ఉన్నవాళ్ల తుపాకుల్లో మాత్రం నిజం గుండ్లే. అప్పుడు కమ్యూనిస్టు దళాల కోసం గాలింపు నడుస్తోంది. సిపాయిని చూసి ఉరికితే కమ్యూనిస్టు కిందే లెక్క.

"ఎల్లిగా, రేపు తుపాకులు పేలుతయి, ఎవ్వలు ఉరకొద్దని ఇంటింటికి ఇనవడాలె" అన్నాడు ఊరి పెద్ద పటేలు.

"ఊరవతల పొలాలల్ల గూడ చాటాల్నా పటేలా?"

"గాడెవడుంటడురా? అందరు ఊళ్లెనే పండుకుంటరు గద."

ఆ రాత్రి సందు సందూ తిరిగి చాటాను.

తెల్లారి మైదానం అంచున నిలబెట్టారు. జనం దగ్గరికొస్తే జరగమని చాటాలి. సిపాయి చెయ్యెత్తితేనే కొట్టాలి. తుంపర పడుతోంది. తడికి తోలు సాగి డప్పు మూగబోతుంది కాబట్టి గడ్డి మంట పెట్టి కాచుకుంటున్నాను.

మొదటి వాలీ పేలింది.

మైదానం అవతల పొలంలో నాటేస్తున్న ఆడవాళ్లు ఒక్కసారిగా లేచారు. గరిడేపల్లి దిక్కు నుంచి కూలికొచ్చిన ముఠా. పొలం పక్క పశువుల కొట్టంలోనే పడుకుంటారు. నా చాటింపు వాళ్ల దాకా పోలేదు. చేతుల్లోని నారు పారేసి ముళ్లపొదల వైపు పరుగెత్తారు. కాపలా సిపాయి హిందీలో అరిచాడు. వాళ్లకు ఆ మాట తెలియదు. అతను తుపాకీ భుజానికెత్తాడు.

నా గొంతు అంత దూరం పోదు. సైగ లేకుండా కొడితే తుపాకీ నా మీదికే తిరగొచ్చు. పైగా భయంలో చెయ్యి ఉరుకు దరువుకే పోతుంది. అది కొడితే ఇంకా ఉరుకుతారు. పళ్లు బిగబట్టి పెళ్లి దరువు ఎత్తుకున్నాను.

తుపాకీ నా మీదికి తిరిగింది. ఆపలేదు. ముందున్న ముసలామె నిలబడింది. వెనక ఉరికొచ్చినవాళ్లు ఆమెను గుద్దుకుని ఆగారు.

"ఓ డప్పోడా! తుపాకులు పేల్చి చేస్తున్నరు, ఎవరి పెండ్లిరా ఇది?" అని కేకేసిందామె.

ముఠాలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుకు సిపాయి నన్ను వదిలి వాళ్లవైపు చూశాడు. మెల్లగా తుపాకీ దించాడు.

ఆఫీసర్ వచ్చి, వీడు కొట్టిందేమిటని ఉర్దూలో పటేలును అడిగాడు. పటేలు కంటే ముందు నేనే అందుకున్నాను.

"జెండా దరువు, సాబ్."

పండుగ రోజు కూడా అదే కొట్టమని చెప్పి ఆఫీసర్ వెళ్లిపోయాడు. "నా పానం పోయినంత పనైందిరా, ఎల్లిగా!" అని పటేలు అక్కడే కూలబడ్డాడు.

తర్వాత పొలానికి పోయాను. ముసలామె నారు ఏరుకుంటోంది.

"రాత్రి చాటింపు ఇనరాలేదా అవ్వా?"

"డప్పు ఇనొచ్చింది కొడుకా. ఊరోళ్ల ముచ్చట మనకెందుకని పండుకున్నం."

ఇల్లున్నవాడు వినకపోయినా పక్కింటివాడు చెబుతాడు. వీళ్లకు చెప్పే పక్కిల్లు లేదు. ఆనాటి నుంచి టీకా సూదులకైనా, ఓట్లకైనా, ముందు ఊరవతలి కొట్టాలకూ, ఆగిన బండ్ల దగ్గరికీ పోయి చాటి, ఆ తర్వాతే ఊళ్లోకి వచ్చేవాణ్ణి. పెద్ద ఇళ్లవాళ్లు తమకు ఆలస్యంగా చెప్పానని తిట్టారు. తిట్టనీ.