కామేశ్వరి గారి కుడి పేజీ

ఏలూరు పక్కన, వట్లూరు వైపు మా వీధి చివర ఎవరో కొత్త ఇల్లు కట్టుకుంటూ, పెరట్లో ముచ్చటకి ఒక మట్టిపొయ్యి వేయించుకుంటున్నారు. మొన్న పొద్దున్న అటుగా నడుస్తుంటే ఊక కలిపి తొక్కిన తడిమట్టి వాసన ముక్కుకి తగిలింది. ఎనభై దాటినదాన్ని, మోకాళ్ల నొప్పులదాన్ని, నడక ఆపి అక్కడే నిలబడిపోయాను. ఏం కావాలండీ మామ్మగారూ అని మేస్త్రీ అడిగాడు. ఏమీ అక్కర్లేదన్నాను గానీ నా నోరు ఊరుకోలేదు. ఈ పొయ్యి మీద వండేది ఎవరు నాయనా, ఆవిణ్ణి అడిగే కడుతున్నావా అన్నాను. ఓనరుగారు ఫోనులో బొమ్మ పంపారండీ అన్నాడతను. అలా అడగడం నాకు పుట్టుకతో వచ్చిన గుణం కాదు. కామేశ్వరి గారు నేర్పారు. నేను నేర్చుకునేలోపు నష్టపోయింది మాత్రం వేరే మనిషి.

యాభైల చివర్లో మాట. పల్లెల బాగు కోసం ప్రభుత్వం బ్లాకులు పెట్టి, ఊళ్లకి గ్రామసేవికలని పంపుతున్న రోజులు. కొందరు గ్రామసేవికల పని చూడటానికి ఒక ముఖ్యసేవిక ఉండేవారు. మా ముఖ్యసేవిక కామేశ్వరి గారు. ఏలూరులో కాపురం. పొట్టిగా, బక్కగా ఉండేవారు. తెల్ల వాయిల్ చీర, మోచేతుల దాకా జాకెట్టు, చంకలో మగవాళ్లు పట్టుకునే పెద్ద గొడుగు. చిన్న వయసులోనే భర్త పోతే మద్రాసు వెళ్లి సంఘసేవలో డిప్లొమా చదివి వచ్చారని చెప్పుకునేవారు. సేవ చెయ్యడానికి చదువెందుకే, మనసుంటే చాలదూ అని మా అమ్మ ఆశ్చర్యపోయేది. నాకూ అలాగే అనిపించేది. ఆ మనసు నా దగ్గర దండిగా ఉందని నా నమ్మకం.

మాది తాడేపల్లిగూడెం. నాన్నకి బజారులో కిరాణా కొట్టు ఉండేది. నాన్న పోయాక కొట్టు బాబాయి చేతికి వెళ్లింది. అమ్మా, నేనూ, ఇద్దరు చెల్లెళ్లూ బాబాయి ఇంటి వెనక గదిలోకి వెళ్లాం. మా పిన్ని మమ్మల్ని ఏనాడూ ఒక మాట అనలేదు. మేం వంటింట్లోకి వచ్చినప్పుడు గిన్నెలు గట్టిగా పెట్టేది, అంతే. స్కూల్ ఫైనల్ ప్యాసై గ్రామసేవిక ట్రైనింగుకి వెళుతూ, దేశానికి సేవ చెయ్యడానికని అందరికీ చెప్పాను. అసలు సంగతి ఆ గిన్నెల చప్పుడు. ఏడాది పని చూసి ఉద్యోగం ఖాయం చేస్తారు. ఖాయమైతే అమ్మనీ చెల్లెళ్లనీ నా దగ్గరికి తెచ్చుకోవచ్చు. నన్ను కొల్లేటి గట్టున ఒక ఊళ్లో వేశారు. అక్కణ్ణుంచి తాటిదోనెలో లంకలకి, అంటే నీళ్ల మధ్య దిబ్బల మీద చేపలు పట్టి బతికేవాళ్ల ఊళ్లకి, వెళ్లి వస్తుండాలి.

కామేశ్వరి గారు మాకు తలా ఒక పెద్ద నోటుబుక్కు ఇచ్చారు. ఎడమ పేజీలో ఆ రోజు చేసిన పని రాయాలి. ఎవరింటికి వెళ్లాం, మనమేమన్నాం, వాళ్లేమన్నారు. కుడి పేజీలో, ఆ పని చేసేటప్పుడు మనకి తెలియనిది ఏమిటో రాయాలి. ఆఫీసు రిపోర్టు వేరు, ఇది వేరు. దీన్ని ఆవిడ తప్ప ఎవరూ చూడరు. శనివారం శనివారం బస్సు దిగి, మా గది అరుగు మీద కూర్చుని, కళ్లజోడు తుడుచుకుని ముందు కుడి పేజీ చదివేవారు. నా ఎడమ పేజీలు కిటకిటలాడుతుండేవి. నావి ముత్యాల్లాంటి అక్షరాలని స్కూల్లో పేరు కూడాను. కుడి పేజీలు మాత్రం ఖాళీ. తెలియనిదేమిటో తెలియకపోతే ఎలా రాస్తామండీ అని ఒకసారి గడుసుగా అడిగాను. ఆవిడ నవ్వలేదు, కోప్పడలేదు.

"నిజమేనండి. అందుకే రోజూ కాస్త వెతుక్కోవాలి," అన్నారు. ఇరవై ఏళ్ల పిల్లని కూడా ఆవిడ మీరనే పిలిచేవారు. ఖాళీ పేజీ కింద తేదీ వేసి, సంతకం పెట్టి వెళ్లిపోయేవారు. తిట్టినా బాగుండునని నాకు అనిపించేది.

ఆవిడకీ ఒక నోటుబుక్కు ఉండేది. ఒక శనివారం ఆవిడ పెరట్లో కాళ్లు కడుక్కుంటుంటే, తప్పని తెలిసీ తీసి చూశాను. ఎడమ పేజీలో నాలుగే ముక్కలు. కుడి పేజీ నిండా రాత. అందులో నా పేరు కనిపించింది. పద్మావతి తెలివైనది, కష్టపడుతుంది, ఆమెని ఒక్క నిమిషం ఆగి చూడమని ఎలా చెప్పాలో నాకు తెలియడం లేదు అని ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది. చేతకాని మనిషి కాబట్టే అన్నీ తెలియదని రాసుకుంటున్నారనుకున్నాను. వారం రోజులు ఆ కోపంతోనే రెట్టింపు పని చేశాను.

ఆ ఏడు మా బ్లాకుకి పొగలేని పొయ్యిల పని వచ్చింది. ట్రైనింగులో నాకు అందులో ఫస్టు మార్కు. పొయ్యి నోరు ఎంత ఉండాలో, పొగ బయటికి పోయే మట్టిగొట్టం ఎక్కడ అమర్చాలో కళ్లు మూసుకుని చెప్పగలను. లంకలో ఆడవాళ్లు పొగకి కళ్లు నులుముకుంటూ వండుతుంటే నాకు నిజంగానే బాధ వేసేది. పది ఇళ్లలో కట్టాను. మొదటిది పెద్దింట్లు అనే ఆమె ఇంట్లో. కొల్లేటి అమ్మవారి పేరే ఆమెకి పెట్టారు. మొగుడు వలకి వెళితే ఈమె చేపలు ఎండబెట్టి, దాచి, వానలప్పుడు సంతకి తీసుకెళ్లి అమ్మేది. ముగ్గురు పిల్లలు. ఆ ఇంట్లోకి నడుం వంచి వెళ్లాలి. అడుగు పెట్టగానే ఎండుచేపల వాసన గుప్పుమంది. మా ఇళ్లలో చేప అన్న మాట కూడా భోజనాల దగ్గర అనరు. కొంగు ముక్కుకి చుట్టుకుని, తల వంచుకుని, ఊపిరి బిగబట్టుకుంటూ పొయ్యి కట్టాను. పొగ గొట్టంలోంచి గోడ బయటికి పోయింది. ఇల్లు తేటపడింది. ఎలా ఉందే అని అడిగాను. శానా బాగుందండి అమ్మగారూ అంది పెద్దింట్లు. ఎడమ పేజీలో ఆ మాట రాసి కింద గీత గీశాను.

పొయ్యిలు కట్టింది వైశాఖంలో. శ్రావణంలో ముసురు పట్టింది. జిల్లా నుంచి ఒక పెద్ద ఆఫీసరు పొయ్యిలు చూడటానికి వస్తున్నారనీ, నా ఉద్యోగం సంగతి కూడా ఆ రోజే తేలుతుందనీ కబురొచ్చింది. ముందుగా ఒకసారి చూసుకుందామని లంకకి వెళ్లాను. మూడు ఇళ్లలో గొట్టాలు పీకేసి ఉన్నాయి. పెద్దింట్లు ఇంట్లో పొయ్యి చెక్కుచెదరలేదు. ఆమె మాత్రం ఇంటి వెనక పెద్ద గంప బోర్లించి ఎండుచేపలు నీళ్లలో పారబోస్తోంది. పురుగు పట్టాయి. ఏమైందని అడిగితే ముసురండి అంది. ఇంకేమీ అడగలేదు నేను. పైగా ఆఫీసరు వచ్చి వెళ్లేదాకా గొట్టాలు మళ్లీ పెట్టి ఉంచండని ఇల్లిల్లూ తిరిగి బతిమాలాను. అందరూ సరేనన్నారు. పది పొయ్యిలూ బాగున్నాయని ఎడమ పేజీలో రాశాను. అబద్ధం రాసినప్పుడు కూడా నా అక్షరాలు గుండ్రంగానే వచ్చాయి.

ఆ శనివారం కామేశ్వరి గారు పుస్తకం చూసి సంతకం పెట్టలేదు. మూసి సంచిలో వేసుకుని, పదండి, లంకకి వెళ్లొద్దాం అన్నారు. దోనెలో ఇద్దరం ఆవిడ గొడుగు కింద కూర్చున్నాం. అక్కడ ఏం చెప్పి తప్పించుకోవాలా అని దారిపొడుగునా నేను ఆలోచిస్తూనే ఉన్నాను. పెద్దింట్లు ఇంట్లో ఆవిడ చాప మీద కూర్చుని, మీ వంట కానివ్వండి, మాకు తొందరేం లేదు అన్నారు. లంకలో ఆడమనిషిని మీరు అనే ఆఫీసరమ్మని పెద్దింట్లు చూడటం అదే మొదటిసారి. అరగంట ఊరికే కూర్చున్నారు. అప్పుడు తల పైకెత్తి, పొయ్యికి సరిగ్గా పైన వెదుళ్లతో కట్టిన ఖాళీ అటక చూపించి, దాని మీద ఏం పెట్టుకుంటారండీ అని అడిగారు.

"గంపలండి," అంది పెద్దింట్లు. "ఎండుచేపల గంపలు. కింద నుంచి పొగ తగులుతా ఉంటే ముసుర్లో పురుగు పట్టదండి. ఇప్పుడు పొగంతా బయటికి పోతాంది కదండి."

"మరి గొట్టం తీసేసుకోలేకపోయారా?"

పెద్దింట్లు నా వంక ఒకసారి చూసి తల దించుకుంది. "అమ్మగారు ఈ వాసన పడకపోయినా, ముక్కు మూసుకుని పూటంతా మట్టి తొక్కారండి. తీసేత్తే ఆవిడ మనసు కట్టపెట్టుకుంటారని ఊరుకున్నానండి."

నేను ముక్కు మూసుకోవడం ఆమె చూసింది. అది తప్పు పట్టకుండా, నా మనసు నొప్పించడం ఇష్టం లేక, వానాకాలపు తిండి పోగొట్టుకుంది. ఆ అటక కిందే పూటంతా కూర్చున్నదాన్ని, ఒక్కసారి తల ఎత్తి ఉంటే సరిపోయేది. తిరిగి వచ్చేటప్పుడు దోనెలో ఏడుస్తుంటే కామేశ్వరి గారు నోటుబుక్కు తీసి నా ఒళ్లో పెట్టారు. ఏం రాయమంటారండీ అని అడిగాను. నాకేం తెలుసండీ, ఆ ఇంట్లో పొయ్యి కట్టింది మీరు కదా అన్నారు. ఆ సాయంత్రం కుడి పేజీలో మొదటిసారి రాశాను. వాసన పడక తల వంచుకున్నాను, అటక చూడలేదు. చేపలు పాడవడం చూశాక కూడా ఎందుకని గుచ్చి అడగలేదు, గొట్టాలు మళ్లీ పెట్టి ఉంచమని బతిమాలాను. ఆ రెండు వాక్యాలు రాసేసరికి దీపం పెట్టే వేళయింది.

ఆఫీసరు వచ్చే ముందురోజు కామేశ్వరి గారు లంకలో ఇల్లిల్లూ తిరిగి, గొట్టం అక్కర్లేనివాళ్లు తీసేసుకోండి, ఎవరూ ఏమీ అనుకోరు అని చెప్పారు. ఏడు ఇళ్లలో తీసేశారు. చేపలు ఎండబెట్టుకోని మూడు ఇళ్లలో ఉంచుకున్నారు. ఆఫీసరు మొహం మాడ్చుకున్నారు. పదింటికి మూడా, ఇది ఎవరి నిర్వాకం అన్నారు. నేను నోరు తెరిచేలోపు కామేశ్వరి గారు ముందుకి వచ్చారు.

"పొయ్యి కట్టడం ఈ అమ్మాయికి బాగా నేర్పామండి. ఇంటివాళ్లని అడిగి కట్టడం నేర్పలేదు. అది నేర్పాల్సిన మనిషిని నేను," అన్నారు.

అది నిజం కాదు. వారం వారం వచ్చి ఆవిడ నేర్పుతూనే ఉన్నారు. నేనే నేర్చుకోలేదు. ఉద్యోగం పోతుందన్న భయంతో ఆ మాట నేను చెప్పలేదు. నా ఉద్యోగం ఆరు నెలలు వాయిదా వేసి తర్వాత ఖాయం చేశారు. ఆవిణ్ణి మాత్రం పదిహేను రోజుల్లో మన్యం వైపు బదిలీ చేశారు.

ఆవిడ వెళ్లే రోజు మధ్యాహ్నం ఏలూరు స్టేషనుకి వెళ్లాను. బెంచీ మీద పక్కన కూర్చుని చాలాసేపు ఏడ్చాను. నా మూలంగా మీకీ శిక్ష పడిందన్నాను. ఆ రోజు నోరు విప్పనందుకు రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదన్నాను. మా అమ్మ సంగతి, పిన్ని సంగతి, అన్నీ చెప్పుకున్నాను. ఆవిడ అడ్డు రాకుండా విన్నారు. సిగ్నల్ పడింది. ఆవిడ లేచి గొడుగు తీసుకున్నారు.

"పద్మావతి గారూ, పెద్దింట్లు గారి పిల్లలు ఇప్పుడు ఏం తింటున్నారో కనుక్కున్నారా?"

నేను కనుక్కోలేదు. ఆఫీసరు వచ్చి వెళ్లాక ఆ లంక మొహమే చూడలేదు. అన్ని రోజులూ ఏడ్చింది నా సిగ్గు గురించి, నా ఉద్యోగం గురించి, మహా అయితే ఆవిడ బదిలీ గురించి. రైలు వచ్చింది. ఆవిడ ఎక్కి కిటికీ దగ్గర కూర్చుని చెయ్యి ఊపారు. తర్వాత ఉత్తరాలు రాసుకున్నాం గానీ ఆవిణ్ణి మళ్లీ చూడలేదు.

మర్నాడే లంకకి వెళ్లాను. పెద్దింట్లు ఇంటి తడిక తాళ్లతో కట్టేసి ఉంది. సంతలో అమ్ముకోవడానికి ఏమీ లేక, పిల్లల్ని వెంటబెట్టుకుని ముదినేపల్లి వైపు కలుపు తీతకి వెళ్లారని పక్కింటామె చెప్పింది. కార్తీకంలో తిరిగి వచ్చారని తెలిసి మళ్లీ వెళ్లాను. తప్పు నాదని చెప్పాను. పోనీలెండి అమ్మగారూ అంటూ పెద్దింట్లు చాప వేసింది. చాప చివర ఇద్దరు పిల్లలే కూర్చున్నారు. పెద్దపిల్ల ఏదీ అని అడిగాను. అక్కడే ఒక రైతుగారింట్లో పసిబిడ్డని ఆడించడానికి, తిండి పెడతామంటే ఉంచి వచ్చామండి అంది. నేను మూడుసార్లు ముదినేపల్లి తిరిగి, ఆ ఇంటివాళ్లని ఒప్పించి పిల్లని తీసుకొచ్చేసరికి మళ్లీ వేసవి వచ్చింది. అప్పటికి ఆ పిల్ల తల్లిని చూసి దగ్గరికి రావడానికి కొంచెం సేపు పట్టింది.

తర్వాత చాలా ఏళ్లు నేనూ గ్రామసేవికలకి పాఠాలు చెప్పాను. మన పని మనం వెనక్కి తిరిగి చూసుకోవడానికి ఇప్పుడు పెద్ద పెద్ద పేర్లున్నాయి, పుస్తకాలున్నాయి. మంచిదే. నా దగ్గర మాత్రం ఒక మొరటు పద్ధతి ఉండేది. పనిలో పొరపాటు చేసి ఏ అమ్మాయైనా నా ముందు కూర్చుని ఏడిస్తే వెంటనే ఓదార్చేదాన్ని కాదు. ఆ ఇంట్లో వాళ్లు ఇవాళ ఏం తిన్నారో కనుక్కుని రా, తర్వాత ఏడుద్దువు గాని అనేదాన్ని. రాతిగుండె మనిషినని పేరు తెచ్చుకున్నాను. వెళ్లి వచ్చిన పిల్లలకి మాత్రం మళ్లీ కూర్చుని ఏడ్చే తీరిక ఉండేది కాదు.