నల్ల స్క్రీన్‌కు వైద్యం

నా జన్మల తెలివితక్కువ పనులు మస్తు చేసిన గని, కిషన్‌బాగ్ బడిల చేసినదాని ముందట అవన్నీ దిగదుడుపే. వినుర్రి, నవ్వుకోర్రి. ఎవరికన్న చెప్పిన్రో, మన దోస్తానా కట్!

చూపు లేని పిల్లలకు చదువు చెప్పే కొలువుల చేరి నెల రోజులైంది. నా క్లాసుల రుఖ్సానా అని ఒక పిల్ల. చెవిల ఇయర్‌ఫోన్, ముందట లాప్‌టాప్, దానికి కలిపిన బ్రెయిలీ పట్టీ. పట్టీ మీద చుక్కలు టకటక లేస్తుంటే వేళ్లతోని చదువుతది. గదెట్లనో తెలుసుకుందామని నేను గూడ కండ్లు మూసుకొని తడిమిన. ఆవాలు తడిమినట్టే ఉండె.

ఆ రోజు మూడింటికి వాళ్ల అబ్బా, అంటే నాయిన, వస్తనన్నడు. సోఫాలు కుట్టే మనిషి. "నా ముందట ఒక్క పేజీ చదివితేనే ముందుకు పంపుత, లేకుంటే బడి బంద్" అని ఖరాఖండిగ చెప్పిండు.

రెండింటికి పిల్ల అన్నం తిననీకి పోయింది. అంతదాంక చుక్కల దిక్కే చూసేటోన్ని, గప్పుడు లాప్‌టాప్ చూస్తే స్క్రీన్ నల్లగ! పట్టీ పీకి పక్కకు పెట్టి మీటలు నొక్కిన, ఊపిన, మొక్కిన. ఉలుకు లేదు, పలుకు లేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటరు. నేను పట్టినదానికి ప్రాణమే లేదనుకున్న. బండేసుకొని బహదూర్‌పురాల రిపేరు దుకాణానికి ఉరికిన.

"భాయ్, జల్దీ చూడు! ఓ పిల్ల చదువు ఆగుతది!"

"డిస్‌ప్లే గయా సాబ్. విప్పాలె" అని ఆయన స్క్రూడ్రైవర్ తీసిండు.

రెండు స్క్రూలు ఊడినయో లేదో, రుఖ్సానా ఫోన్ చేసింది.

"సార్, నా లాప్‌టాప్ ఏది? అబ్బా వచ్చి కూసున్నడు."

"స్క్రీన్ పోయింది బేటీ! ఫికర్ చేయకు, బాగుచేపిస్తున్న!"

"పోలే సార్. నేనే బంద్ చేసి పెట్టిన."

"ఎందుకు?"

"నాకు స్క్రీన్ ఏంటికి సార్? ఊకె బ్యాటరీ తింటది. పక్కోళ్లు తొంగి చూస్తరు గూడ."

"మరి సప్పుడు?"

"ఇయర్‌ఫోన్‌ల వస్తది. మీరు చెవిల పెట్టుకోలేదా?"

పెట్టుకోలే. స్క్రూలు జేబుల ఏసుకొని ఎట్ల వచ్చిననో ఆ దేవునికే ఎరుక.

రుఖ్సానా పట్టీ మీద వేళ్లు పెట్టి గడగడ చదివింది. వాళ్ల అబ్బా వంగి నల్ల స్క్రీన్ చూసిండు, ఎనుకకు పోయి చూసిండు, టేబుల్ కింద గూడ చూసిండు. "ఏం లేదు గదా! యాడికెళ్లి చదువుతున్నది?" ఆమె ఆయన వేలు పట్టుకొని చుక్కల మీద పెట్టింది. ఆయన కండ్లల్ల నీళ్లు తిరిగినయి. నాకు గూడ ఏడుపొచ్చింది, సగం సంతోషం, సగం సిగ్గు.

"ఇంకో పేజీ చదువు బేటీ" అన్నడు. తర్వాత నాదిక్కు తిరిగి, "ఈమెను రోజూ పంపుత సార్. మిమ్మల్ని గూడ జర చదివిస్తది."

గప్పుడే మా ఇంటి దేవుని మీద ఒట్టేసిన: కండ్లున్నయన్న ధీమాతోని, పిల్లల్ని అడగకుండ వాళ్ల మిషన్లకు వైద్యం చేయ!