నర్సు మాట కోసేశారు

మా కింది ఇంటి పెద్దమ్మగారు పోయిన మంగళవారం తెల్లవారుజామున చనిపోయారు. వాళ్లబ్బాయి ఫోన్ చేసి, "అంకుల్, అమ్మ ఈజ్ నో మోర్," అన్నాడు. తరువాత "థాంక్స్ ఫర్ ఎవ్రీథింగ్," అన్నాడు. 

శనివారం వాళ్ల తెలుగు చర్చిలో ఆరాధన జరిగింది. పాటలు బాగా పాడారు. తెర మీద ఫొటోలు వేశారు. మనవరాలి గ్రాడ్యుయేషన్, నయాగరా, క్రూజ్ షిప్పు మీద నల్లకళ్లద్దాలు. నర్సు యూనిఫామ్‌లో ఒక్క ఫొటో లేదు. సంఘపెద్ద ఒకాయన లేచి, "రిటైరయ్యాక అమ్మగారు టీవీ చూసుకుంటూ ప్రశాంతంగా కాలక్షేపం చేశారు," అన్నారు. నాకు ఒళ్లు మండింది.

తరువాత నన్ను మాట్లాడమన్నారు. నేను రెండు షాపులకి లెక్కలు చూస్తాను. ఆ పని ఎవరూ నేర్పలేదు, చూసి చూసి నేర్చుకున్నాను. రోజూ ఏదో ఒకటి రాసే అలవాటుంది గానీ నలుగురిలో మాట్లాడే అలవాటు లేదు. అయినా ఆ కాలక్షేపం అన్న మాట కోసం లేచాను. నేను అసలు సంగతికి వచ్చేసరికి పాస్టర్‌గారు నా భుజం మీద చెయ్యి వేసి, "బ్రదర్, హాల్ ఖాళీ చెయ్యాలి, కొంచెం షార్ట్ చేయండి," అన్నారు. వెనక కేటరింగ్ వాళ్లు అప్పటికే బిర్యానీ ట్రేల మీద రేకులు తీస్తున్నారు. వందనాలు చెప్పి కూర్చున్నాను.

అక్కడ మిగిలిపోయిన ముక్క ఇక్కడ రాస్తున్నాను. చివరి ముక్క కోసేయడమంటే ఆవిడకి జీవితంలో అన్నిటికన్నా కోపం.

ఆవిడది తెనాలి వైపు. నర్సింగ్ చదివి, చిన్నవయసులోనే ఈ అమెరికా వచ్చి, ఒక ఆసుపత్రిలో రిటైరయ్యేదాకా ఎక్కువగా నైట్ డ్యూటీలే చేశారు. ఐసెలిన్ అనే ఊళ్లో వాళ్ల ఇంటి పైభాగంలో నేను అద్దెకున్నాను. నా పని పొద్దున్నే మొదలై మధ్యాహ్నానికి అయిపోతుంది. ఒకరోజు మెట్లెక్కుతుంటే తలుపు తీసి, "ఏమయ్యా, మూడింటికి నీకేం పనుందా?" అన్నారు. లేదన్నాను. "అయితే రా. చెప్పులు అక్కడ విడువు," అన్నారు. అప్పటినుంచి మూడు గంటలకి నా చోటు ఆవిడ సోఫాలో ఎడమ చివర.

కేబుల్ లేకుండా యాంటెనాతో వచ్చే పాత సీరియళ్ల ఛానెల్ ఒకటుంది. ఎప్పుడో తీసిన నలుపు తెలుపు కథలు రోజంతా మళ్లీ మళ్లీ వేస్తుంటారు. మూడింటికి ఒక చిన్న ఊరి డాక్టరు కథ వచ్చేది. అమెరికా వచ్చిన కొత్తలో ఆవిడ నైట్ డ్యూటీకి బయల్దేరే ముందు చూసిన సీరియల్ అదే. మూడయ్యాక ఆ ఇంట్లో కుక్కర్ విజిల్ వెయ్యకూడదు. ఫోన్ మోగితే దిండు కిందికి వెళ్లిపోయేది. యాలకుల టీ మాత్రం ముందే ఫ్లాస్కులో ఉండేది.

ఆ డాక్టరంటే ఆవిడకి పెద్ద గౌరవమేమీ లేదు. "నాడి పట్టుకోవడం రాదు, నాలుక చూడడం రాదు. జుట్టు దువ్వుకోవడం మాత్రం వచ్చు వీడికి," అనేవారు. ఆవిడ చూసేది నర్సుని. ప్రతి కథలోనూ వెనక నిలబడి పళ్లెం అందించే పెద్దవయసు నర్సు ఒకామె ఉంటుంది. నోరు విప్పదు. కథంతా ముగిశాక, డాక్టరు మెట్ల మీద కూర్చుని బూట్లు విప్పుకుంటుంటే, ఆమె దీపం ఆర్పేసి ఏదో చెప్తుంది. పెద్దమ్మగారు చెప్పబట్టి ఇది నాకు తెలుసు గానీ, ఆ ముక్క నేనెప్పుడూ చూడలేదు. ఛానెల్ వాళ్లు దాన్ని కోసేశారు. డాక్టరు బూట్ల మీద చెయ్యి పెట్టగానే మోకాళ్ల నొప్పుల మందు, ఆ వెంటనే అంత్యక్రియల ఇన్సూరెన్సు.

"ముసలాళ్లకి సమాధులు అమ్ముకోడానికి ముసలి నర్సు నోరు నొక్కేశారయ్యా," అనేవారు ఆవిడ. "కథంతా మోసింది ఆవిడ. ఆవిడకున్నదే ఆ ఒక్క ముక్క. అప్పట్లో మొత్తం వేసేవాళ్లు, నేను చూశాను." ఒకసారి ఛానెల్‌కి ఫోన్ కూడా చేశారు. మెషిన్ ఎత్తింది. ఆ మెషిన్‌తోనే చెప్పాల్సిందంతా చెప్పి పెట్టేశారు.

అందుకని ఆ ఇంట్లో ఒక ఆచారం ఏర్పడింది. ప్రకటన రాగానే ఆవిడ టీవీ నోరు మూసేవారు. తెర మీద ఎవరో తాత మోకాళ్లకి మందు రాసుకుని పరుగులు తీస్తుంటే, ఆవిడ ఆ కోసేసిన ముక్క చెప్పేవారు. మనవరాలు వచ్చినా, ఎదురింటివాళ్లు వచ్చినా అంతే, అది అయ్యేదాకా ఎవరూ లేవకూడదు.

"ఇప్పుడు దీపం తీసింది. ఏమందంటే, డాక్టర్, ఆ పిల్లాడు మందు చేదని ఏడవలేదు. మీరు తలుపు గట్టిగా వేశారు, అందుకని ఏడ్చాడు."

ఇంకోరోజు, "డాక్టర్, ఆయన అన్నం తినలేదంటే మీరు ఆకలికి మందు రాశారు. ఎదురుగా కూర్చునే మనిషి ఊరెళ్లింది, అది అడగలేదు. రేపు అడగండి."

వర్షం పడితే బొమ్మ చెదిరిపోయేది. యాంటెనా అంటే కాగితమంత పల్చటి ప్లాస్టిక్ పలక, కిటికీ అద్దానికి అతికించి ఉండేది. అలాంటి రోజుల్లో దాన్ని పట్టుకుని నిలబడడం నా వంతు. "ఇంకొంచెం పైకి. ఆఁ, మొహం వచ్చింది. కదలకు నాయనా, దగ్గు వచ్చినా ఆపుకో!" నేను టీవీకి వీపు పెట్టి, వీధిలో వాన చూస్తూ, కథ మొత్తం చెవులతో విన్న రోజులున్నాయి. "చూశావా ఎంత బాగుందో?" అనేవారు చివర్లో. బాగుందనేవాణ్ణి.

మొన్నటి చలికాలంలో ఆవిడ వాకిట్లో జారిపడితే తుంటి విరిగింది. ఆపరేషన్ చేసి, ఆసుపత్రి నుంచి, మళ్లీ నడిచేదాకా ఉంచి చూసుకునే ఒక రీహాబ్ సెంటర్‌కి మార్చారు. అది శుభ్రంగానే ఉంది. పనివాళ్లు మంచివాళ్లు, పాపం ఒక్కొక్కరు ఇద్దరి పని చేస్తున్నారు. గోడకి పెద్ద టీవీ ఉంది. అందులో వార్తలు, ఆటలు, నగలమ్మే ఛానెల్ వస్తాయి. పాత సీరియళ్లు రావు. మధ్యాహ్నం మూడింటికి అందర్నీ హాల్లో గుండ్రంగా కూర్చోబెట్టి బెలూన్ ఆట ఆడిస్తారు. యాభై ఏళ్లు మనుషుల చావుబతుకులు దగ్గరుండి చూసిన మనిషి చేతికి బెలూన్ ఇచ్చారు.

"ఇక్కడ నాకు ఏమీ వద్దయ్యా. మూడింటికి నా డాక్టర్ని తెచ్చిపెట్టు," అన్నారు.

మర్నాడు యాంటెనా తీసుకెళ్లి కిటికీకి నాలుగు మూలలా టేపు వేసి అతికించాను. బొమ్మ ఇంట్లోకన్నా శుభ్రంగా వచ్చింది. పక్క గది అమెరికన్ పెద్దాయన, ఒకప్పుడు లారీ నడిపినవాడు, ఆ సంగీతం విని చక్రాల కుర్చీ తోసుకుంటూ వచ్చాడు. తరువాతిరోజు ఇంకో ఇద్దరొచ్చారు. ప్రకటన రాగానే పెద్దమ్మగారు టీవీ నోరు మూసి, కోసేసిన ముక్క ఇంగ్లీషులో చెప్పారు. ఆ పెద్దాయన నవ్వి, "ఇన్నాళ్లూ నన్ను మోసం చేశారన్నమాట వీళ్లు," అన్నాడు. "నిన్నే కాదు, దేశాన్నంతా," అన్నారు ఆవిడ.

ఆ వారం ముగిసేలోపు నేను వెళ్లేసరికి కిటికీ మీద యాంటెనా లేదు. మేనేజరమ్మ చాలా మర్యాదగా చెప్పింది. బయటి వస్తువులు గోడలకీ అద్దాలకీ అతికించకూడదు, అది పాలసీ. "ఇవాళ ఒకరికి ఒప్పుకుంటే రేపు అందరూ అడుగుతారు." అడిగితే ఏమవుతుందండీ అన్నాను. ఆమె నవ్వింది. కాగితమంత మందం లేని పలక వల్ల ఎవరికి ఏం అపాయమో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. అదే కిటికీకి పండగ బొమ్మలు వాళ్లే అతికిస్తారు.

పెద్దమ్మగారి అబ్బాయికి ఫోన్ చేశాను. "అంకుల్, ప్లీజ్, వాళ్లతో ఫైట్ చెయ్యొద్దు. ఆ బెడ్ దొరకడమే కష్టమైంది," అన్నాడు. "నేను ట్యాబ్లెట్ కొన్నాను. ఆ షో ఎపిసోడ్స్ అన్నీ అందులో ఉన్నాయి. నో యాడ్స్. ఎప్పుడు కావాలంటే అప్పుడు చూడొచ్చు." అతను మంచివాడే. తల్లి కోసం రెండు ఉద్యోగాల మనిషిలా తిరిగాడు. అందుకని సరేనని ఫోన్ పెట్టేశాను.

ఆవిడ ఆ ట్యాబ్లెట్ తెరవలేదు. "ఎప్పుడంటే అప్పుడు చూస్తే ఎవరితో చూసినట్టయ్యా?" అన్నారు. "మూడింటికైతే, ఈ దేశంలో టీవీ ముందు కూర్చున్న ముసలాళ్లందరి పక్కనా కూర్చున్నట్టుంటది. దీంట్లో నేనొక్కదాన్నే." మేనేజరమ్మ దగ్గరికి ఇంకోసారి వెళ్లొచ్చాను. కాగితం మీద రాసి ఇమ్మంది. రాసిచ్చాను. జవాబు రాకముందే పెద్దమ్మగారికి న్యుమోనియా వచ్చింది. చివరిరోజుల్లో గోడ మీద టీవీలో ఎవరో ఉంగరాలు అమ్ముతూనే ఉన్నారు. నేను వెళ్లినప్పుడల్లా ఆపేవాణ్ణి. మళ్లీ వెళ్లేసరికి మోగుతూ ఉండేది.

ఇదీ ఆవిడ చేసిన కాలక్షేపం.

చనిపోయిన మర్నాడే గది ఖాళీ చెయ్యమన్నారు. అబ్బాయి శవపేటిక పనుల మీద ఉన్నాడు. నేనూ, కాలేజీ చదివే మనవరాలూ వెళ్లాం. శుభ్రం చేసే అమ్మాయి నల్ల సంచీ పట్టుకుని తలుపు బయట నిలబడి ఉంది. బట్టలు, బైబిలు, ఫ్లాస్కు సర్దాం. సొరుగులో ట్యాబ్లెట్ కనిపించింది. మనవరాలు మంచం మీద కూర్చుని ఆ సీరియల్ పెట్టి, నేరుగా చివరికి జరిపింది.

"అంకుల్, సీ. ఇది ఫుల్ వర్షన్."

డాక్టరు మెట్ల మీద కూర్చుని బూట్లు విప్పుకుంటున్నాడు. నర్సు వచ్చింది. దీపం తీసింది. "గుడ్ నైట్, డాక్టర్," అని వెళ్లిపోయింది. అంతే. మనవరాలు ఇంకో ఎపిసోడ్ పెట్టింది. గుడ్ నైట్, డాక్టర్. ఇంకోటి. అదే.

"సో... నానమ్మ చెప్పేవన్నీ... షి మేడ్ దెమ్ అప్?" అంది ఆ పిల్ల.

నాకు ఒళ్లు మండింది, ఛానెల్ మీద కాదు. పళ్లెం మోసిమోసి రోజంతా నిలబడిన మనిషికి, ఆ కథ రాసినవాళ్లు మొదట ఇచ్చిందే ఆ రెండు మాటలు. తలుపు గట్టిగా వేస్తే ఏడ్చిన పిల్లాడు, ఎదురు మనిషి లేక అన్నం మానేసిన ముసలాయన ఏ వార్డులో ఉండేవారో, ఎన్ని రాత్రులు ఆవిడ ఏ డాక్టరుకీ చెప్పలేక దాచుకున్నారో, నేను ఒక్కసారైనా అడగలేదు.

అప్పుడే చక్రాల కుర్చీ చప్పుడైంది. పక్క గది పెద్దాయన గుమ్మం దాటి వచ్చి, ఎప్పుడూ ఆగే చోట ఆగాడు. ఆవిడ పోయిన సంగతి ఆయనకి తెలుసు. ఆరిపోయిన టీవీ వైపు చూశాడు. తరువాత కిటికీ వైపు చూశాడు. అద్దం మీద నా టేపు మరకలు నాలుగు మూలలా మిగిలి ఉన్నాయి, ఎండ వాటి మీద పడుతోంది.

"మూడైంది," అన్నాడు ఇంగ్లీషులో. "ఇవాళ నర్సు ఏమంది?"

మనవరాలు నా వైపు చూసి, ట్యాబ్లెట్‌ని ఒళ్లో బోర్లా పెట్టుకుంది. నా ఇంగ్లీషు అంతంతమాత్రం. అయినా గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. ఇది ఆవిడ ఎప్పుడైనా చెప్పిందో, నేను కలిపిందో ఇప్పటికీ తేల్చుకోలేను.

"దీపం తీసింది. డాక్టర్, మూడో మంచం ఆయన రాత్రంతా నిద్రపోలేదు, అంది. నొప్పి తగ్గింది. కానీ ఎవరో కిటికీ తెర మూసేశారు. రేపొచ్చినప్పుడు మీ చేత్తో తియ్యండి. నేను తీస్తే మళ్లీ మూసేస్తారు."

పెద్దాయన తలూపుతున్నాడు. శుభ్రం చేసే అమ్మాయి సంచీ విప్పబోయిన చెయ్యి అలాగే ఉంచి, నా మాట పూర్తయ్యేదాకా గుమ్మంలోనే నిలబడింది.