లోపలికి పళ్లున్న గీత

ఇవాళ కడిగిన గచ్చు మీద నీళ్లు వలయాలు వలయాలుగా ఆరుతుంటే, నాచారంలో మా అద్దె ఇంటి ఆదివారం పొద్దు ఒకటి గుర్తొచ్చింది. ఎర్రగచ్చు, కిరోసిన్ స్టవ్ వాసన, మూలలకు పప్పుడబ్బాలు పెట్టి పరిచిన మ్యాపు. మీ ఇళ్లలోనూ అలాంటి గచ్చే కదా?

నాన్న సర్వే ఆఫీసులో మ్యాపులు గీసేవారు. బోడుప్పల్‌లో మేము కొన్న ప్లాటును ఆ పాత మ్యాపులో వెతుకుతున్నారు.

"గీ గోధుమరంగు గీతలేంది నాన్నా?" అన్నాడు తమ్ముడు.

"ఎత్తు గీతలు బిడ్డా. ఒక గీత మీద ఏడ నిలబడ్డా ఒకటే ఎత్తు. గుండ్రంగ మూసుకుంటే గుట్ట."

"మన ప్లాటు సుట్టూ గుండ్రం గీతనే! గుట్ట మీద ఇల్లంట, రాజువైతివి పో తమ్మీ," అని చెల్లెలు ఆటపట్టించింది.

నాన్న నవ్వలేదు. ఆ గీతకు లోపలివైపు దువ్వెనకున్నట్టు సన్నటి పళ్లున్నాయి.

"గిట్ల పళ్లుంటే గుట్ట కాదు, గుంట. నీళ్లు నిలిచే జాగ."

అమ్మ పప్పు రుబ్బడం ఆపింది. "మొన్న ప్లాటుకాడ మొక్కి దీపం పెడితే కప్పలు అరిచినయ్. ఎండకు నేల పగిలున్నది. కాళ్ల కింది నుంచి వినవడ్డది. మీరు నవ్వుతరని చెప్పలే."

ఆ రోజు అమ్మ పక్కన నేనూ ఉన్నాను. నాకూ వినిపించాయి.

సొంతిల్లు కోసం అమ్మ ఎంత మొక్కిందో నాకు తెలుసు. అయినా సాయంత్రం "అది కప్పల జాగ, వాటికే ఇడుద్దాం" అని ముందుగా అన్నది ఆమే. అక్కడ ఇల్లు కట్టకూడదని, ఇంకొకరికి అంటగట్టకూడదని, ఏటా తొలి వాన పడ్డాక వెళ్లి ఒక దీపం పెట్టి రావాలని అందరం అనుకున్నాం.