మాక్ మీనా పేరు చెప్పి గిన్నె అందించిన మా అవ్వ

అవ్వ చేసే ఆ కోడి సూపు మిరియాల రసం కాదు పెద్దనాన్నా. పదోసారి చెప్తున్నాను. అవ్వ సొంతంగా కనిపెట్టిన వంట అంతకన్నా కాదు. ఆమె బతికుండగా ఎవరైనా ఆ మాట అనుంటే వాళ్ల చేతిలో గిన్నె వెనక్కి తీసుకునేది. సంస్మరణ కూడిక కోసం మీరు అచ్చు వేయించిన కాగితానికి నేను నాలుగు పేరాలు రాసి పంపాను. మూడింటిని ముట్టుకోలేదు. మాక్ మీనా గురించి రాసిన నాలుగోదాన్ని తీసేసి, ఆ చోట "కోడి సూపు కనిపెట్టిన చేయి" అని వేయించారు. ఎందుకని ఫోన్ చేసి అడిగితే మీరు చెప్పిన జవాబు ఇది: "ఆయమ్మ ఎవరో, యాడుండాదో, అసలు ఉండాదో లేదో గూడా మనకు తెలీదు. అవ్వ కాగితంలో ఆయమ్మ పేరు యాల మా?"

ఎందుకో ఇక్కడ రాస్తాను. మమ్మల్ని ఎరగనివాళ్ల కోసం మొదటినుంచీ రాస్తాను.

మా అవ్వ సంతోషమ్మ పోయిన నెల మదనపల్లెలో, తన మంచం మీదే, ప్రశాంతంగా కన్నుమూసింది. తొంభై దాటిన మనిషి పోతే అంత ఏడుపెందుకని బెంగళూరులో మా ఆఫీసులో ఒకామె అంది. ఆమెతో నేను ఇప్పటికీ మాట్లాడటం లేదు. కాల్ వచ్చినప్పుడు ఫోన్ నా చేతిలోనే ఉంది, ఎప్పుడూ ఉంటుంది. పెద్దనాన్న పేరు చూసి, నిమ్మగడ్డి తెమ్మని అవ్వ మళ్లీ చేయించిందనుకున్నాను. "ఆదివారం తెస్తానని చెప్పాను కదా" అని విసుగ్గానే ఎత్తాను. "మా, అవ్వ లేదు" అన్నారు. నిమ్మగడ్డి అప్పటికే కొని మా ఫ్రిజ్‌లో పెట్టి ఉంది.

అవ్వ పుట్టింది మలయాలో. వాళ్ల నాన్న దేవదానం గారిది పుంగనూరు. అక్కడి రబ్బరు తోటల ఆసుపత్రిలో డ్రెస్సర్‌గా, అంటే గాయాలకు కట్లు కట్టి మందులిచ్చే పనిలో చేరి భార్యను తీసుకెళ్లాడు. యుద్ధం వచ్చి జపానువాళ్లు దిగాక తోటలో బియ్యం మాయమయ్యాయి. అందరూ కర్రపెండలం ఉడకబెట్టుకుని తిన్నారు. రెండో ఏడు జ్వరాల్లో అవ్వ వాళ్లమ్మ పోయింది. వారం తిరగకుండా అదే జ్వరం అవ్వకు వచ్చింది. అప్పటికి ఆమెకు ఎనిమిదేళ్లు.

వాళ్లింటికీ పక్కింటికీ మధ్య ఒక చిన్న కాలవ. పక్కింట్లో మీనా అనే మలయ్ ఆమె ఒంటరిగా ఉండేది. మాక్ అంటే వాళ్ల మాటలో అమ్మ. ఊళ్లో పిల్లలందరికీ ఆమె మాక్ మీనా. ఆమెకున్న ఆస్తి ఒక్క కోడి, రోజు విడిచి రోజు గుడ్డు పెట్టేది. పదో రోజుకీ అవ్వ లేచి కూర్చోకపోయేసరికి ఆమె కాలవ దాటి వచ్చి పిల్లను చూసింది. తిరిగి ఇంటికెళ్లి ఆ కోడిని కోసింది. నిమ్మగడ్డి కాడలు నలగ్గొట్టి వేసి, పసుపు, అల్లం, ధనియాలు నూరి సూపు కాచింది. సోతో అయాం అంటారట దాన్ని. అయాం అంటే కోడి. ఎముకల నుంచి మాంసం ఒలిచి సన్నగా చీల్చి గిన్నెలో వేసి, పైన సగం గుడ్డు పెట్టి, చెంచాతో తాగించింది.

"కోడినెందుకు కోసినావు మాక్ అని అడిగినా," అని అవ్వ చెప్పేది. "ముసల్దయిపోయింది పాపా, గుడ్లు మానేసింది అనె. నేను గిన్నెలోకి సూస్తి. ఆ పొద్దున పెట్టిన గుడ్డు అందులోనే ఉండాది."

ఈ మాట చెప్పినప్పుడల్లా అవ్వ నవ్వేది. నవ్వాక తన గిన్నెలోని సగం గుడ్డును ఆఖరికని పక్కకు జరిపేది. అందుకే మా ఇంట్లో ఆ సూపు ఏ రోజు చేసినా ప్రతి గిన్నెలో సగం గుడ్డు ఉండాల్సిందే. గుడ్డు లేకపోతే ఆ రోజు వంటే లేదు.

జ్వరం తగ్గాక తల్లిలేని పిల్ల రోజంతా మాక్ మీనా వంటింట్లోనే గడిపింది. కోడి దొరకని ఆ రోజుల్లో కర్రపెండలంతోనే మసాలా నూరడం నేర్చుకుంది. యుద్ధం ముగిసి, తండ్రీకూతుళ్లకు మద్రాసు ఓడలో చోటు దొరికినప్పుడు, మాక్ మీనా పాలడబ్బాలో మట్టి పోసి ఒక నిమ్మగడ్డి పిలక నాటి ఇచ్చింది. ఓడలో అవ్వ తన తాగే నీళ్లలోంచి దానికి పోసింది. మద్రాసులో దిగి, రైలెక్కి, కుప్పం స్టేషన్లో దిగేవరకూ అది పచ్చగానే ఉంది. పలమనేరు మీదుగా పుంగనూరు పోయే బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడ్డారు. తండ్రి పెట్టెలు లెక్క చూసుకుంటుంటే వెనక నుంచి ఒక మేక వచ్చి, రెండుసార్లు నోరు పెట్టి గడ్డినంతా లాగేసింది. వేళ్లతో సహా.

అవ్వ ఏడుస్తుంటే మేకల ముసలాయన ఆశ్చర్యపోయాడట. "ఏం పాపా, గడ్డి సేతిలో పెట్టుకోని మేక ముందర నిలబడితే అది ఏం సేస్తాది, ప్రార్థన సేస్తాదా? ఇంతోటి గడ్డికి ఏడుస్తారా, రా, మా చేనుకాడికి రా, మోపు కోసిస్తా."

"ఆయప్పకు ఏం చెప్పేది మా," అనేది అవ్వ. "ఓడెక్కి వచ్చిన గడ్డప్పా అంటే నమ్ముతాడా?"

దేవదానం గారికి మదనపల్లెలో మిషన్ ఆసుపత్రిలోనే పని దొరికింది. పుంగనూరులో ఉండే ఆయన అక్క రాహేలమ్మకు ఇది నచ్చలేదు. పన్నెండేళ్ల పిల్ల ఇల్లెట్లా నడుపుతుంది, నా దగ్గర వదిలిపెట్టు అని పట్టుబట్టి, స్వయంగా చూసిపోవడానికి వచ్చింది. అత్త వస్తోందని అవ్వ ఆ సూపు చేయాలనుకుంది. అందులో పడే దుంపరాష్ట్రం, అల్లం లాంటి ఘాటు వేరు, పుంగనూరు మూలికల అంగడి నుంచి తండ్రి తెచ్చి ఉన్నాడు, దగ్గు మందు కోసం. మలయాలో వేసే నూనెగింజకు బదులు చెనక్కాయలు నూరింది. నిమ్మగడ్డి మాత్రం లేదు. ఆసుపత్రి ఆవరణలో, వార్డు కిటికీల కింద, నిమ్మ వాసన కొట్టే పొడుగాటి గడ్డి కనబడింది. దేవుడే నాటించాడనుకుని పిడికెడు కోసుకొచ్చింది. దోమలు రాకుండా నర్సులు నాటించిన గడ్డి అది. చూపుకీ వాసనకీ నిమ్మగడ్డికి దగ్గర చుట్టమే. ఉడికితే తెలుస్తుంది తేడా.

గిన్నె అందిస్తూ అవ్వ గర్వంగా చెప్పింది: "అత్తా, ఇది మాక్ మీనా నేర్పిన సూపు."

రాహేలమ్మ ఒక గుటక మింగి తమ్ముడి వైపు తిరిగింది. "ఏమప్పా దేవదానం, మీ ఆసుపత్రిలో నేల తుడిచిన నీళ్లు ఇంటికి తెచ్చి కాస్తారా? ఆ మీనా ఎవరో గానీ మంచిగా నేర్పిందిలే."

తనను తిట్టినందుకు అవ్వకు బాధ లేదు. కోడిని కోసిన మనిషి పేరు తన చేతి తప్పు వల్ల మాట పడింది. ఆ పిల్ల పెరట్లోకి పోయి కూర్చుంది, ఎంత పిలిచినా లోపలికి రాలేదు. చివరికి రాహేలమ్మే వచ్చి పక్కన చతికిలబడింది. అవ్వ ఏడుస్తూనే జ్వరం, కాలవ, కోడి, గుడ్డు, పాలడబ్బా, మేక, అన్నీ చెప్పింది. మేక దగ్గర అత్తకు నవ్వొచ్చిందట. గుడ్డు దగ్గర మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆమె ఆ సాయంత్రం పుంగనూరు వెళ్లలేదు. నిమ్మనపల్లెలో తనకు తెలిసిన ఒక రైతు గట్టు మీద అసలైన నిమ్మగడ్డి ఉందని గుర్తొచ్చి, మర్నాడు పొద్దున్నే పోయి, వేళ్లతో సహా పెరికి, తడి గోనెలో చుట్టి మోసుకొచ్చింది. "మేకలు లేని దారమ్మడి వచ్చినా," అందట దించుతూ.

ఈసారి సూపు కుదిరింది. మలయాలో అయితే వండిన అన్నాన్ని బరువు కింద అదిమి ముక్కలు కోసి సూపులో వేస్తారు. ఇక్కడ రేషన్ బియ్యం అంతంతమాత్రం. అవ్వ రాగి సంగటిని గుడ్డలో మూటగట్టి, పొద్దున్నుంచీ తిరగలి రాయి కింద పెట్టి, మధ్యాహ్నానికి బిళ్లలుగా కోసింది. పైన మొలకెత్తిన పెసలు, వేయించిన ఉల్లిపాయలు, సగం గుడ్డు. గిన్నె అందించేటప్పుడు మాత్రం నోరు మెదపలేదు. మొన్నటి భయం.

రాహేలమ్మ గిన్నె పట్టుకుని తినకుండా కూర్చుంది. "ఎవరు నేర్పిందో చెప్పలేదే?"

"మాక్ మీనా అత్తా."

"గట్టిగా చెప్పు. ఇంగ ఈ ఇంట్లో ఇది ఎవురికి పెట్టినా ముందర ఆయమ్మ పేరు చెప్పాల. పేరు యినకుండా ఎవురూ ముద్దెత్తకూడదు." గిన్నె ఖాళీ చేశాక తమ్ముడితో అంది: "పిల్ల నీ కాడే ఉండనీలే. ఇల్లు అదే నడుపుకుంటాది."

నిమ్మనపల్లె పిలక పెరట్లో నాటారు. డెబ్బై ఏళ్లకు పైగా దాని సంతతి అక్కడే పెరిగింది. పోయినేడు బోరు ఎండి గడ్డి మాడిపోయింది. బెంగళూరు నుంచి నిమ్మగడ్డి తెమ్మని అవ్వ నన్ను వేధించింది అందుకే. ఆ డెబ్బై ఏళ్లలో ఆసుపత్రి నుంచి ఇంటికెళ్లే బాలింతలు, జ్వరాలు తగ్గినవాళ్లు, పిల్లలు పరీక్ష తప్పిన తల్లులు, ఎంతమంది ఆ వాకిట్లో కూర్చుని ఆ సూపు తాగారో నేను చెప్పలేను. మతం అడగలేదు, వీధి అడగలేదు. పేరు చెప్పింది, గిన్నె ఇచ్చింది. కృతజ్ఞత అనే గుణాన్ని ఇంత నిరాడంబరంగా, ఇంత నియమనిష్ఠలతో ఆచరించిన మనిషిని నేను మళ్లీ చూడబోను.

పోయినేడు ఆ వంటను నా ఫోన్లో వీడియో తీశాను. అవ్వ మాక్ మీనా దగ్గర మొదలుపెట్టింది. నాకు ఓపిక తక్కువ. "అవ్వా, అదంతా వద్దు, ఏమేం వేయాలో చెప్పు చాలు" అన్నాను.

"ఫోను పక్కన పెట్టు," అంది.

పెట్టాను.

"కోడి లేకపోతే చెనక్కాయలు ఎన్నేస్తే ఏముంది మా," అని, మళ్లీ కాలవ దగ్గర నుంచి మొదలుపెట్టింది. ఈసారి నేను ఆపలేదు. వీడియోలో ఇదేదీ లేదు. మసాలాలు మాత్రమే ఉన్నాయి. అందుకే ఇది రాస్తున్నాను.

పోయిన ఆదివారం ఫ్రిజ్‌లోని నిమ్మగడ్డి తీసుకుని మదనపల్లె వెళ్లాను. పెద్దనాన్న వంటింట్లోనే చేశాను. సంగటి బిళ్లలు సరిగా రాలేదు, చిదిరిపోయాయి. గిన్నె ఆయన ముందు పెట్టి ఏమీ చెప్పకుండా నిలబడ్డాను, కోపంతోనే. ఆయన చెంచా తీశాడు. మళ్లీ కింద పెట్టాడు. నా వైపు చూశాడు.

"చెప్పు మా," అన్నాడు. "యినకుండా ఎట్లా తినేది?"

చెప్పాను. తిన్నాడు. సగం గుడ్డును అవ్వ లాగే ఆఖరికి ఉంచుకున్నాడు. అచ్చయిన కాగితాలు పంచేశారు కాబట్టి వాటినేం చేయలేమన్నాడు. సమాధి రాయి చెక్కడం ఇంకా మొదలవలేదు. అందులో ఆ పేరు వేయించమన్నాను. బంధువులు ఒప్పుకోవాలి కదా అని నసిగాడు.

బంధువులారా, ఆ వాకిట్లో కూర్చుని తాగినవాళ్లారా, ఇది చదువుతున్నది మీరే. మా అవ్వ చేతి నుంచి మాక్ మీనా పేరు వినకుండా ఒక్క గిన్నె అందుకున్నవాళ్లు మీలో ఎవరైనా ఉంటే ముందుకు రండి. ఆ పేరు రాయి మీద వద్దనడానికి మీలో ఎవరికి నోరొస్తుంది?