చప్పుడు లేని కూలర్

పెరుమాళ్‌సామికి రాజపాళయంలో ఒక పేరుంది. నూలు వడికే రింగ్ ఫ్రేమ్ మీద చెయ్యి పెట్టి ఏ బేరింగు అరిగిందో చెప్పేసే ఫిట్టర్ అని. స్పిన్నింగ్ మిల్లు నుంచి రిటైరై చాన్నాళ్లయినా ఆ పేరును ఆయన కింద పెట్టలేదు. ఇంట్లో మిక్సీ మూలిగినా, పక్కింటి మోటారు మొరాయించినా, పిలవకముందే వెళ్లి నిలబడతాడు. అందుకే కూతురు అభినయ, "కంప్యూటర్‌కు వేరే కూలర్ కొనాల నాయినా" అనగానే, "మిషన్ సంగతి నాకు విడిచిపెట్టు" అని చొక్కా తొడుక్కున్నాడు.

అభినయ ఇంట్లోనే కూర్చుని, చెన్నైలో ఒక ట్యూషన్ కంపెనీకి పిల్లల పాఠాలు రికార్డు చేసి పంపుతుంది. సెకండ్‌హ్యాండ్ డెస్క్‌టాప్. అందులో బొమ్మలు కదిలే పాఠాలు. కాసేపటికే లోపలి ప్రాసెసర్ వేడెక్కుతుంది, దాన్ని చల్లబరిచే కూలర్ ఫ్యాన్ గొంతు చించుకుంటుంది. కంపెనీ వాళ్లు మర్యాదగానే చెప్పారు. పాఠం బాగుంది, వెనక ఆ మోత బాగాలేదు, ఈ వారంలో సరికాకపోతే ఇంకొకరిని చూసుకుంటాం అని. చెప్పులరిగేలా తిరిగాక దొరికిన పని అది. పోతుందేమోనని ఆ పిల్లకు అన్నం సహించడం లేదు.

బజారులో కంప్యూటర్ అంగడి నడిపే పద్మనాభ మూడు కూలర్లు బల్ల మీద పెట్టి అన్నిటికీ కరెంటు ఇచ్చాడు. ఒకటి అరచేతిలో పట్టేంత చిన్నది. ఒకటి రాగి గొట్టాలతో నిలువుగా ఉంది, దానికి పెద్ద ఫ్యాన్. మూడోదానికి రెండు ఫ్యాన్లు, బరువు చూస్తే ఇటుకరాయి.

"పెద్ద ఫ్యాను మెల్లిగా తిరిగినా చాలు అన్నా, గాలి వస్తాది. మోత, సత్తం తక్కువ. చిన్నది చాలా వేగంగా తిరగాల, సత్తం జాస్తి" అన్నాడు పద్మనాభ.

పెరుమాళ్‌సామి వంగి చిన్నదానికి చెవి ఆనించాడు. ఏమీ లేదు. పెద్దదానికి ఆనించాడు. ఏమీ లేదు.

"ఏం పద్మనాభా, ఏదీ సత్తం చెయ్యలేదే? కరెంటు ఇచ్చినావా?"

"తిరగతా ఉండాయి కదా, చూడండి!"

తిరుగుతున్నాయి, కళ్ల ముందే. మరి ఈ సత్తం గొడవేమిటి? ఖరీదైనది అంటగట్టడానికి వీడు కథలు చెబుతున్నాడా? లేక తనకే మతి పోతోందా? ఎటూ తేలక చివరికి మిల్లు పద్ధతికి దిగాడు. కళ్లు మూసుకుని ఒక్కోదాని మీద చెయ్యి వేశాడు. పెద్దవి రెండూ కొంచెం అదిరాయి. చిన్నది అదరనే లేదు. అదరని మిషన్‌ను పెరుమాళ్‌సామి జీవితంలో ఎన్నడూ అనుమానించలేదు. పద్మనాభ వద్దు వద్దంటున్నా దాన్నే సంచిలో వేసుకుని వచ్చి, తానే బిగించి, స్విచ్చి వేసి గర్వంగా నిలబడ్డాడు.

అభినయ మొహం వాడిపోయింది. "నాయినా, ఇది ఈల వేస్తా ఉండాదే! పాతదే మేలు."

"ఈలా? ఎక్కడమ్మా ఈల?" అని భార్య చిన్నమ్మాళ్ వైపు చూశాడు. ఆమె వంటింటి గుమ్మంలో చెవులు మూసుకుని నిలబడి ఉంది.

ఇద్దరూ కలిసి తనను ఆట పట్టిస్తున్నారా? పెరుమాళ్‌సామికి కోపమొచ్చింది. కంప్యూటర్ డబ్బా పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఇటు నుంచీ అటు నుంచీ విన్నాడు. ఈల లేదు, మోత లేదు. తల పైకెత్తితే చిన్నమ్మాళ్ ఆయన్ని కాదు, ఆయన వెనక్కి చూస్తోంది. ఆమె ముఖంలో ఏదో మారింది. ఎందుకా అని వెనక్కి తిరిగాడు. అభినయ రెండడుగుల దూరంలో నిలబడి ఉంది. పెదవులు కదులుతున్నాయి.

"నాయినా" అంటోంది. ఎన్నోసారి అంటోందో.

మిల్లులో ఎవరూ చెవితో వినరు. ఆ హోరులో పెదవులు చూసి, చేతులు చూసి మాట్లాడుకుంటారు. ఆయన ఇంట్లోనూ మనిషి మొహం చూసే మాట్లాడతాడు, అరిచి మాట్లాడతాడు. అది మిల్లు అలవాటనే అందరూ అనుకున్నారు. ఆయనా అదే అనుకున్నాడు.

అభినయ ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించి, ఈల ఇలాగైనా వినిపిస్తుందేమోనని నాలుగు ముక్కలు అప్పటికప్పుడు చదివి రికార్డు చేసి పూర్తి వాల్యూములో పెట్టింది. పెరుమాళ్‌సామి ఉలిక్కిపడ్డాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఈల వినపడినాదా నాయినా?" అని ఎదురుగా వచ్చి అడిగింది.

"ఈల లేదు పాపా. నీ గొంతే ఉండాది" అన్నాడు అయోమయంగా. "ఇది మా అమ్మ గొంతు కదా! నీకు ఎప్పుడు వచ్చినాది?"

చిన్నమ్మాళ్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

మరునాడు తండ్రీకూతుళ్లు ఇద్దరూ టౌన్ బస్సెక్కి పద్మనాభ కడకు వెళ్లారు. అభినయ అన్నిటికీ చెవి పెట్టి, పెద్ద ఫ్యాన్ ఉన్న నిలువు కూలర్ దగ్గర ఆగింది. పెరుమాళ్‌సామి దాని ఎత్తును జానతో కొలిచి, "డబ్బా మూత పడతాది, తీసుకో" అన్నాడు. ఆ వారమే పాఠం వెళ్లింది. కంపెనీ వాళ్లు బాగుందని ఇంకొన్ని పాఠాలు ఇచ్చారు.

కొత్త కూలర్ చప్పుడు చేస్తుందో లేదో పెరుమాళ్‌సామికి ఇప్పటికీ తెలియదు. తల్లీకూతుళ్ల మాట నమ్మడమే. చెవి డాక్టరు దగ్గరికి పోదామంటే మాత్రం రేపు, ఎల్లుండి అంటున్నాడు. కానీ రికార్డింగు అయిపోయిందని తెలిస్తే స్టూలు లాక్కుని వచ్చి కూర్చుంటాడు. అభినయ ఇప్పుడు వెనక నుంచి పిలవదు. చుట్టూ తిరిగి ఆయన ఎదురుగా వచ్చి నిలబడుతుంది.

"నాయినా, ఈ దినం భిన్నాల పాఠం. పెట్టేదా?"

"పెట్టు" అని హెడ్‌ఫోన్ తానే తగిలించుకుంటాడు. భిన్నాలు ఆయనకు ఒక్క ముక్క అర్థం కావు. పాఠం అయిపోగానే మళ్లీ పెట్టమంటాడు.