రక్కమ్మాళ్ శనగగింజ కొలత

కోయంబత్తూరు ఉప్పిలిపాళయం దగ్గర ఒక నూలు మిల్లు ఆస్పత్రిలో ఆయాగా చేరిన రోజున రక్కమ్మాళ్‌కు ఎక్స్‌రే అంటే ఏమిటో తెలియదు. పదేళ్లు తిరిగేసరికి, తనకు తప్ప ఇంకెవరికీ తెలియదని గట్టిగా నమ్మేది. చదువు లేదు గానీ కన్ను డేగకన్ను.

ఆ ఆస్పత్రి డాక్టరు సుందరరాజన్‌కు భుజాల పిచ్చి. పత్తి బేళ్లు మోసేవాళ్లకు వయసు మళ్లేకొద్దీ చెయ్యి పైకి లేవకపోవడం చూసి చూసి, విదేశీ పుస్తకాలు తెప్పించుకుని చదివాడు. భుజం పైన ఇంటికప్పులాంటి ఎముక ఒకటి, దాని కింద చేతి ఎముక గుండు, రెంటికీ మధ్య చిన్న సందు. గుండును పట్టి ఉంచే కండరాల పట్టీ చిరిగితే గుండు పైకి జారుతుంది, సందు ఇరుకవుతుంది. ఎక్స్‌రేలో అది ఏడు మిల్లీమీటర్ల కంటే తగ్గితే పట్టీ చిరిగిందేమోనని అనుమానించాలి. అందుకని ఆయన ఫిల్మును వెలుగుపెట్టె మీద పరిచి, స్కేలుతో కొలిచేవాడు. కొలుస్తూ ఎండు నల్లశనగలు నమిలేవాడు.

ఒకనాడు ఒక గింజ జారి ఫిల్ము మీద పడి, సరిగ్గా ఆ సందులో కూర్చుంది. డాక్టరు గింజను తీసి నోట్లో వేసుకుని, స్కేలు పెట్టి "ఏడు" అన్నాడు. రక్కమ్మాళ్ చీపురు ఆగిపోయింది. మర్నాటి నుంచి పొడుం డబ్బాలో ఒక గింజ దాచుకుని, డాక్టరు కొలిచిన ప్రతి ఫిల్ము మీదా తానూ పెట్టి చూసేది. సందులో గింజ ఇమిడితే భుజం బాగున్నట్టు, పట్టకపోతే చిరిగినట్టు. నాలుగు నెలల్లో డాక్టరు మాటకూ గింజ మాటకూ ఒక్కసారి కూడా తేడా రాలేదు.

అది డెబ్బై రెండో సంవత్సరం, నవరాత్రి రోజులు. డాక్టరు దిండిగల్‌లో బావమరిది ఇంటికి బయలుదేరుతూ కాంపౌండరు చిన్నప్పన్‌కు పని అప్పగించాడు: బేళ్లు మోసే ఇరవైమంది కుడిభుజాల ఫిల్ములు కొలవాలి, సందు తగ్గినవాళ్లకు తాను వచ్చి పరీక్ష చేసేదాకా తేలిక పని ఇవ్వాలి. పాపం, చిన్నప్పన్ కంటికి స్కేలు గీతలు చీమల బారులా కనిపించేవి.

"నువ్వు పేర్లు రాయన్నా. కొలిచేది నేను చూసుకుంటా," అంటూ రక్కమ్మాళ్ డబ్బా తెరిచింది. ఖాళీ. "అన్నా, దీంట్లో ఒక కడల ఉండె. యాడ పోయె?"

చిన్నప్పన్ నాలుకతో పన్ను తడుముకున్నాడు. "ఒకటే గదా, ఎవురో మిగిల్చినారని..."

"అది మిషిను అన్నా! మిషినును తింటివే!"

తిట్టుకుంటూ క్యాంటీనుకు పోయి, పండగ గుగ్గిళ్లకు, అదే సుండల్ కోసం, గంగాళంలో నానుతున్న శనగల్లోంచి ఒకటి ఏరుకుంది. కాస్త బొద్దుగా ఉంది. పండగ పూట ఎవరు మాత్రం బొద్దుగా ఉండరు అనుకుంది.

మొదటి ఫిల్ములో గింజ పట్టలేదు. రెండోదాంట్లో పట్టలేదు. పదోది పెట్టేసరికి చిన్నప్పన్ రాసే చెయ్యి నొప్పెట్టింది. పదిహేడోది ఆమె మొగుడు ఆండిది. అందులోనూ పట్టలేదు.

"మనోడు గదా, విడిచిపెట్టేదా?" అన్నాడు చిన్నప్పన్ మెల్లగా.

"కడలకు మొగుడూ లేడు, మామా లేడు. రాయి."

ఇరవైమందిలో పందొమ్మిది భుజాలు చిరిగిపోయాయి. మిగిలింది కట్టెపుల్లలాంటి మారి అనేవాడు ఒక్కడే.

క్వింటాలు బేళ్లు ఎత్తే మనుషులంతా ఆయుధపూజకు బంతిపూలు గుచ్చుతూ నీడన కూర్చున్నారు. దారం తెగినప్పుడల్లా ఒకడు "అయ్యో నా తోళు!" అని భుజం పట్టుకునేవాడు. బయట లారీలు బారులు తీరాయి. పొద్దున ఇనుప భుజమని మీసం దువ్విన మారి, మధ్యాహ్నానికి ఆస్పత్రి గుమ్మం పట్టుకున్నాడు.

"అక్కా, ఇంకొక తూరి పెట్టి చూడు. నాదీ చిరిగే ఉంటాది."

"నీ సందులో కడలేంది, ఎద్దులబండే పోతాది. పో, పని చూసుకో."

చివరికి మేనేజరు అనంతరామ నాయుడే, "క్లబ్బులో టెన్నిసు ఆడే చెయ్యి ఇది," అంటూ చొక్కా చేతులు మడిచి గుమాస్తాలతో కలిసి బేళ్లు ఎత్తాడు.

ఇంట్లో ఆండి కంచం ముందు కూర్చుని కదల్లేదు. "ఏమే, కూడు కలిపి నోట్లో పెట్టు."

"ఎడం చెయ్యి ఉండాది గదా మామా?"

"దానికి ఫిల్ము తియ్యలా. అదెట్లుండాదో ఎవురికి తెలుసు?"

నిజమే కదా అనిపించి ఆమె ముద్దలు పెట్టింది. నీళ్లూ తానే మోసింది. మూడో రోజు ఆండి కుడిచేత్తో అటక మీది మురుకుల డబ్బా దించుతూ కంటపడ్డాడు. ఆమెకు అనుమానం రాలేదు, ఏడుపొచ్చింది. గింజ అబద్ధం చెప్పదు. అంటే చిరిగిన చేత్తోనే ఎత్తుతున్నాడు, ఎంత నొప్పో ఏమో! ఇంకో నాలుగు మురుకులు చేతిలో పెట్టింది.

ఆయుధపూజ నాటి పొద్దున డాక్టరు దిగాడు. పూలు గుచ్చే పహిల్వాన్లను చూసి, ఫిల్ములు తెప్పించి కొలిచాడు. పది, తొమ్మిది, పదకొండు. చిన్నప్పన్ వేలు రక్కమ్మాళ్ వైపు తిరిగింది.

"దేంతో కొలిచితివి రక్కమ్మా?"

ఆమె గర్వంగా డబ్బా తెరిచింది. లోపలి గింజకు తెల్లటి తోక వచ్చింది.

డాక్టరు దాని పక్కన స్కేలు పెట్టాడు. పన్నెండు. "రక్కమ్మా, నీ స్కేలు మొలకెత్తింది."

ఆమె మొహం చిన్నబోయింది. డాక్టరు కోప్పడలేదు. "కొలత సరిగా ఉన్నా ఫిల్ము అనుమానమే చెప్తాది. చెయ్యి ఎత్తించి చూసినంకే మనం మాట చెప్పాల," అని బయటికి నడిచి, ఒక్కసారిగా అరిచాడు: "అదో, విమానం! ఎంత కింద పోతా ఉండాదో చూడండి!"

"యాడ? యాడ?" అంటూ పందొమ్మిది కుడిచేతులు ఆకాశానికి లేచాయి. అందరికంటే ఎత్తుగా లేచింది ఆండిది. రక్కమ్మాళ్ ఆ చేతిని చూసింది. ఆండి ఆమెను చూసి, చేతిని మెల్లగా దించి, తల గోక్కున్నాడు.

ఎడంచేత్తో చూపించినవాడు ఒక్కడే, అక్కడే నిలబడ్డ మేనేజరు. డాక్టరు కుడిచేతిని ఎత్తించబోతే ఆయన కెవ్వుమన్నాడు. ఫిల్ము తీస్తే సందు అయిదు. ఆ టెన్నిసు భుజం ఎప్పుడో అరిగి చిరిగిందనీ, బేళ్లు దాన్ని బయటపెట్టాయనీ డాక్టరు చెప్పి, చేతికి కట్టు కట్టి మెడకు వేలాడదీశాడు.

పూజ ముగిసింది. ఏటా దిష్టి గుమ్మడికాయ కొట్టేది మేనేజరే. ఆయన బేళ్లవాళ్ల వంక చూశాడు. సిగ్గుతో పందొమ్మిదిమందీ నేల చూపులు చూశారు. మారి లారీ వెనక దాక్కున్నాడు.

"ఇట్లియ్యండి సామీ," అని రక్కమ్మాళ్ కొంగు దోపుకుంది. లోపల కుంకుమ నింపి, పైన కర్పూరం వెలిగించిన కాయను రెండు చేతులా తలపైకెత్తి, మూడు రోజులు ముద్దలు పెట్టిన కసి అంతా కలిపి, ఆండి కాళ్ల ముందు విసిరి కొట్టింది. ఆండి గెంతాడు. కుంకుమ నీళ్లు డాక్టరు తెల్లకోటు మీద చిందాయి.

ఆ తర్వాత ఆమె పద్నాలుగేళ్లు ఆ ఆస్పత్రిలోనే పనిచేసింది. డాక్టరు దగ్గర పట్టుబట్టి స్కేలు చదవడం నేర్చుకుంది. పదిహేను దాకా నేర్చుకుని అక్కడ ఆపేసింది. అంతకు మించిన సందున్న భుజం మిల్లులో ఎవరికీ లేదనేది.